లారీ ఎయిర్ సస్పెన్షన్: ట్యాంకు ఎక్కడ పెట్టాలి, ఏ వాల్వు తర్వాత ఏది రావాలి

కమాన్ కట్టల స్థానంలో బెలోలు (గాలితో ఉబ్బి బరువు మోసే రబ్బరు సంచులు) వేయించేవాళ్లు బెలో గురించి పెద్దగా అడగరు. ఏ లోడుకు ఏ సైజో షాపులోనే చెప్పేస్తారు. పదేపదే వచ్చే ప్రశ్నలు వేరు. ట్యాంకు ఒకటా రెండా? బ్రేకు గాలిలోంచి తీసుకోవచ్చా? బండి ఎత్తును బట్టి బెలోల్లో గాలి నింపే, వదిలే లెవలింగ్ వాల్వు ఒకటి చాలా? గాలి దారిని మూసే కాక్ ఎక్కడ పెట్టాలి?

సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్, జయపురం వైపు వెళ్లే బళ్లకూ, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి రోడ్ల మీద తిరిగే బళ్లకూ ఈ ప్రశ్నలు మరీ ముఖ్యం. మైదానంలో చిన్న తలనొప్పితో పోయే తప్పు దిగుడు మలుపులో బ్రేకు మీదికి వస్తుంది.

ఇక్కడి లెక్కలన్నీ ఒక నమూనా బండికి. వెనక ఒకే డ్రైవ్ యాక్సిల్, నాలుగు టైర్లు, నాలుగు బెలోలు, కంప్రెసర్ కట్-ఆఫ్ (గాలి నింపడం ఆపే ప్రెషర్) 8 బార్. మీ బండి కట్-ఆఫ్ ఎంతో ముందు గేజిలో చూసి, అంకెలు దాని ప్రకారం మార్చుకోండి.

## 1. స్పానర్ పట్టకముందు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ఓడీ నంబరైనా ఏపీ నంబరైనా, ఫ్యాక్టరీలో లేని సస్పెన్షన్ వేయాలంటే రిజిస్టరింగ్ అథారిటీ దగ్గర అనుమతి సంగతి ముందు తేల్చుకోండి. తేల్చుకోకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర ఇదే అడ్డం తిరుగుతుంది.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద చాసీని పైనుంచి చూసినట్టు గీయండి. ఇప్పుడున్న ట్యాంకులు, డీజిల్ ట్యాంకు, సైలెన్సర్, బ్యాటరీ పెట్టె, స్టెప్నీ, కార్డన్ షాఫ్ట్ అన్నీ అందులో ఉండాలి. ఆపైన ఈ కొలతలు రాసుకోండి:

- కట్-ఆఫ్ ప్రెషర్, మళ్లీ కంప్రెసర్ అందుకునే కట్-ఇన్ ప్రెషర్
- లో-ఎయిర్ బజర్ మోగే ప్రెషర్
- వెనక యాక్సిల్ మీద ఖాళీ బరువు, నిండు బరువు (కాటా చీటీ నుంచే, అంచనా వద్దు)
- బెలో తయారీదారు ఇచ్చిన రైడ్ హైట్ (నడిచేటప్పుడు బెలో నిలవాల్సిన ఎత్తు), ఆ ఎత్తులో బెలో ఘనపరిమాణం
- యాక్సిల్ పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి ఎంత కదులుతుందో

ఈ కాగితం మీద గీసే ప్రతి గీతనూ ఒకే ప్రశ్న అడగండి: ఈ పైపు ఇక్కడ తెగితే బ్రేకుకు గాలి మిగులుతుందా? జవాబు చెప్పలేని గీత ఉన్నంతవరకు పని మొదలుపెట్టకండి.

## 2. బెలోలో ఎంత ప్రెషర్ కావాలి

ట్యాంకు సైజు ఈ లెక్క నుంచే వస్తుంది. 2018లో పెంచిన పరిమితి ప్రకారం నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కు 11.5 టన్నులు. అందులో యాక్సిల్, చక్రాలు, డ్రమ్ములు కలిపి సుమారు ఒక టన్ను తీసేయండి, ఆ బరువు బెలోల మీద పడదు. మిగిలిన 10,500 కిలోలను నాలుగు బెలోలు పంచుకుంటే ఒక్కోదానికి 2,625 కిలోలు.

బెలో ప్రభావ వ్యాసం 260 మి.మీ. అనుకుంటే వైశాల్యం సుమారు 531 చదరపు సెంటీమీటర్లు. 2,625ను 531తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 4.94 కిలోలు, అంటే దాదాపు 4.85 బార్. కట్-ఇన్ 7 బార్ దగ్గర ఉన్న బండికి ఇది హాయిగా సరిపోతుంది. మీ లెక్క 6 బార్ దాటితే వాల్వులతో సర్దే ప్రయత్నం మానేసి పెద్ద బెలో చూడండి.

బెలో యాక్సిల్ నడినెత్తిన కాకుండా ట్రైలింగ్ ఆర్మ్ (ఒక చివర చాసీకి కీలుతో కలిసి, వెనక్కి సాగి యాక్సిల్‌ను పట్టుకునే చేయి) చివర కూర్చుంటే లెక్క మారుతుంది. పివట్ (ఆ కీలు) నుంచి యాక్సిల్‌కు 500 మి.మీ., బెలోకు 880 మి.మీ. ఉంటే బెలో మోసేది యాక్సిల్ భారంలో 500/880, అంటే 57 శాతమే. ఈ నిష్పత్తి మరిచిపోయి పెద్ద బెలో వేసినచోట ఖాళీ బండిలో ప్రెషర్ మరీ పడిపోయి రబ్బరు ముడతలు పడి నలుగుతుంది. ఖాళీలో కనీసం అర బార్ అయినా నిలవాలి.

## 3. ట్యాంకు ఎన్ని లీటర్లు

ఒక్కో బెలో రైడ్ హైట్‌లో 12 లీటర్లు అనుకోండి. ఖాళీలో 0.7 బార్, నిండు లోడుకు 4.85 బార్. తేడా 4.15. దాన్ని 12తో, మళ్లీ 4తో గుణిస్తే సుమారు 200 లీటర్ల మామూలు గాలి కావాలి.

40 లీటర్ల ట్యాంకు 8 నుంచి 5.5 బార్ దాకా దిగితే ఇచ్చేది 100 లీటర్లు. 60 లీటర్లయితే 150, మిగిలిన లోటు స్టార్ట్ చేశాక కంప్రెసర్ తీరుస్తుంది. లోడింగ్ సమయంలో ఇంజిను ఆపే ఉంటుంది కదా, ఆ వేళ బండిని నిలబెట్టేది ఈ నిల్వే. 40తో సరిపెడితే గూడ్స్ షెడ్డులో బండి చతికిలబడి, స్టార్ట్ చేశాక ఒకటి రెండు నిమిషాలు తీసుకుని లేస్తుంది. దానివల్ల నష్టమేమీ లేదు, కానీ పూర్తిగా లేవకముందే గేటు దాటించే అలవాటు ఉంటే బెలోలు చెడతాయి.

ఈ బండికి 30 లీటర్లవి రెండు సరైన ఎంపిక. 60 లీటర్ల ఒక్క ట్యాంకు కంటే చాసీ పక్కన సర్దడం తేలిక. బ్రేకు ట్యాంకుల లీటర్లను ఈ లెక్కలో కలపకండి, అవి మీవి కావు.

ఇంకో సంగతి. కోరాపుట్ పీఠభూమి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సుమారు పదో వంతు పలచన, కంప్రెసర్ కూడా అంతే తక్కువ ఇస్తుంది. విశాఖలో బొటాబొటిగా సరిపోయిన లెక్క సెమిలిగుడలో సరిపోదు.

## 4. వాల్వుల వరుస

కంప్రెసర్ నుంచి గాలిలో తేమ తీసే డ్రయర్, అక్కడి నుంచి గాలిని నాలుగు విడి లైన్లకు పంచే నాలుగు సర్క్యూట్ల ప్రొటెక్షన్ వాల్వు. ఇంతవరకు బండిలో ఉన్నదే, ముట్టుకోవద్దు. సస్పెన్షన్‌కు గాలి తీయాల్సింది ఆ వాల్వులోని అదనపు సర్క్యూట్ నుంచి మాత్రమే. ముందు బ్రేకు, వెనక బ్రేకు ట్యాంకుల ఖాళీ పోర్టు చేతికి అందుతోంది కదా అని అక్కడ టీ (మూడు దారుల జాయింటు) వేయడం అన్నింటికంటే పెద్ద తప్పు.

అక్కడి నుంచి వరుస ఇది:

1. టెస్ట్ పాయింట్ (ఇక్కడ చిన్న గేజి పెట్టినా మంచిదే)
2. ప్రెషర్ ప్రొటెక్షన్ వాల్వు, 6 బార్‌కు తెరుచుకునేది, గాలిని వెనక్కి పోనివ్వని రకం
3. లైన్ ఫిల్టర్
4. సస్పెన్షన్ ట్యాంకులు, ఒకదాని వెంట ఒకటి
5. మెయిన్ షటాఫ్ కాక్
6. లెవలింగ్ వాల్వు
7. ఎడమ, కుడి వైపులకు చెరో కాక్
8. బెలోలు

ప్రొటెక్షన్ వాల్వు సెట్టింగు గాల్లోంచి తీసుకునేది కాదు. బజర్ మోగే ప్రెషర్ కంటే పైన, కట్-ఇన్ కంటే కింద ఉండాలి. బజర్ 5, కట్-ఇన్ 7 అయితే 6 మధ్యలో కూర్చుంటుంది. కట్-ఇన్ కంటే పైన పెడితే బెలోలు ఒక్కోసారి లేస్తాయి, ఒక్కోసారి లేవవు. కారణం దొరక్క బెలోలు మార్చేవాళ్లున్నారు.

ఈ వాల్వు పెట్టాక పొద్దున్న స్టార్ట్ చేస్తే ముందు బ్రేకు గాలి నిండి, 6 దాటాకే వెనకభాగం లేవడం మొదలవుతుంది. అది లోపం కాదు, అలాగే ఉండాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ప్రొటెక్షన్ వాల్వు కారుడును ఆపదు. బెలో పగిలితే సస్పెన్షన్ ట్యాంకు ఖాళీ అవుతుంది, వాల్వు 6కు కాస్త కింద మూసుకుంటుంది. కంప్రెసర్ మళ్లీ 6కు తేగానే తెరుచుకుంటుంది, ఆ గాలీ పగిలిన బెలోలోంచే పోతుంది. గేజి ముల్లు 6 దగ్గరే ఊగుతూ 8కి ఎప్పటికీ చేరదు. అంటే బ్రేకుకు అడుగు నిల్వ మాత్రమే ఉంది, పై నిల్వ లేదు. మలుపు మలుపుకూ బ్రేకు తొక్కాల్సిన సుంకి దిగుడులో ఇది చాలదు. బండిని పక్కన ఆపి కాక్ మూసేదాకా కదలకూడదు. ఏడో నంబరులోని చెరో కాక్ ఇందుకోసమే. ఒక వైపు మూసి, 8 బార్ నిండాక, బెలో లోపలి రబ్బరు స్టాపు మీద మెల్లగా దగ్గరి చదునైన చోటికి చేర్చుకోవచ్చు.

## 5. లెవలింగ్ వాల్వులు ఎన్ని

ట్రైలింగ్ ఆర్మ్‌లకు యాక్సిల్ గట్టిగా బిగించిన రకమైతే ఆ యాక్సిలే యాంటీ-రోల్ బారు (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) పని చేస్తుంది. అప్పుడు మధ్యలో ఒక్క వాల్వు చాలు. దాని నుంచి టీ వేసి ఎడమకూ కుడికీ ఒకే పొడవు పైపులు ఇవ్వాలి.

ఎత్తైన లోడు, ఒక పక్కకు బరువు ఎక్కువ పడే సరుకు తోలేవాళ్లకు చెరో వాల్వు మేలు. అప్పుడు రెండు వైపుల బెలోలనూ కలిపే అడ్డ పైపు ఎక్కడా ఉండకూడదు. వాల్వు ఆలస్యంగా స్పందించే రకం తీసుకోండి. లేకపోతే ప్రతి మలుపులోనూ ఒక వైపు నింపుతూ, రెండో వైపు వదులుతూ గాలిని తగలేస్తుంది.

ముందు కూడా బెలోలుంటే లెక్క మూడు: ముందు ఒకటి, వెనక రెండు. నాలుగు వద్దు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల పీట కుదురుగా నిలవదు, మూడు కాళ్లది నిలుస్తుంది. నాలుగు వాల్వులు ఒకదానితో ఒకటి కొట్లాడి చాసీని మెలిపెడతాయి.

బిగించేటప్పుడు:

- వాల్వు బాడీ చాసీకి, లింక్ రాడ్ యాక్సిల్‌కు
- రైడ్ హైట్‌లో లివరు అడ్డంగా, లింక్ రాడ్డు నిలువుగా
- యాక్సిల్ రెండు చివరలకూ కదిలినా లివరు తిరగబడకూడదు (తిరగబడితే వదలాల్సిన చోట నింపుతుంది)
- గాలి వదిలే పోర్టు కిందికి చూడాలి, బురద పడని వైపు

## 6. ట్యాంకుకూ వాల్వులకూ చోటు

ట్యాంకును చాసీ నిలువు పలకకు బ్రాకెట్లతో, స్టీలు పట్టీలతో బిగించండి. పట్టీ కింద రబ్బరు ఉండాలి. ట్యాంకుకు వెల్డింగు పెట్టకూడదు, చిన్న టాకా కూడా వద్దు. చాసీ పై, కింది అంచుల్లో రంధ్రం వేయకూడదు, నిలువు పలకలోనే, వీలైతే ఉన్న రంధ్రాలనే వాడండి. చాసీ మీద ఎక్కడైనా వెల్డింగు తప్పకపోతే బ్యాటరీ, ఈసీయూ (ఇంజిను కంప్యూటరు) కనెక్షన్లు ముందే తీసేయండి.

డ్రెయిన్ కాక్ అన్నింటికంటే కిందికి రావాలి. గాలి వచ్చే, పోయే పోర్టులు ట్యాంకు పై సగంలో ఉంటే అడుగున చేరిన నీళ్లు వాల్వుల దాకా పోవు. రెండు ట్యాంకులున్నప్పుడు నీళ్లు ఎక్కువగా చేరేది మొదటిదాంట్లో, కాబట్టి చేయి సులువుగా అందే చోటు దానికే ఇవ్వండి.

సైలెన్సర్‌కు కనీసం 150 మి.మీ. దూరం, లేకపోతే మధ్యలో రేకు. వెనక టైరు విసిరే రాళ్ల దారిలో ట్యాంకు పెట్టకండి. వానల్లో కోరాపుట్ ఎర్రమట్టి వాల్వు మీద పూతలా ఎండి, గాలి వదిలే రంధ్రాన్ని పూడ్చేస్తుంది. ప్రొటెక్షన్ వాల్వు, ఫిల్టర్, కాక్‌లు ఒకే పలక మీద, క్యాబిన్ వెనక, చాసీ లోపలి వైపు అమర్చి పైన రేకు కప్పు వేస్తే సగం గొడవ తప్పుతుంది. కాక్ పిడి మాత్రం బయటి నుంచి అందాలి. గాలి పోయి వంగిన బండి కింద ఎవరూ దూరకూడదు.

## 7. పైపులు, ఫిట్టింగులు

ట్యాంకు వరకు 12 మి.మీ. నైలాన్ పైపు, లెవలింగ్ వాల్వు నుంచి బెలోలకు 8 మి.మీ. చాలు. గాలి గబగబా వదిలే డంప్ వాల్వు పెట్టదలిస్తే ఆ లైను 12 ఉండాలి. కంప్రెసర్ నుంచి డ్రయర్ దాకా ఎప్పుడూ నైలాన్ వేయకూడదు, అక్కడి వేడికి మెత్తబడి ఊడిపోతుంది.

- పైపును కటర్‌తో నిటారుగా కోయాలి, ఆక్సా బ్లేడుతో కాదు
- లోపలికి పోవాల్సిన లోతును ముందే పెన్నుతో గుర్తుపెట్టి, గుర్తు కనపడకుండా పోయేదాకా నెట్టాలి
- వంపు వ్యాసార్థం పైపు బయటి వ్యాసానికి ఆరు రెట్లు: 12కు 72 మి.మీ., 8కి 48 మి.మీ.
- 30–40 సెం.మీ.కు ఒక క్లిప్పు, చాసీ రంధ్రం దాటేచోట రబ్బరు గ్రామెట్
- యాక్సిల్ వైపు దిగే పైపుకు పూర్తి కదలికకు సరిపడా వదులు

దారాలకు టెఫ్లాన్ టేపు చుట్టే అలవాటు మానుకోవాలి. తెగిన ముక్క లెవలింగ్ వాల్వు సీటులో కూర్చుంటే ఎంత వెతికినా దొరకని కారుడు అవుతుంది. ఓ-రింగు ఉన్న ఫిట్టింగుకు ఏమీ అక్కర్లేదు, మిగతావాటికి ద్రవ సీలెంటు రెండో దారం నుంచి రాయండి. బిగించే ముందు ప్రతి పైపులోంచీ ఒకసారి గాలి ఊదండి.

## 8. లిఫ్ట్ యాక్సిల్ ఉంటే

లిఫ్ట్ యాక్సిల్ అంటే ఖాళీ బండిలో పైకి ఎత్తి ఉంచే అదనపు యాక్సిల్. దానికి రెండు రకాల బెలోలు: ఎత్తేవి, లోడు మోసేవి. ఒకటి నిండితే రెండోది ఖాళీ కావాలి, అందుకు రెండు విడి వాల్వులు కాక ఒకే మార్పిడి వాల్వు వాడండి. కరెంటు పోతే యాక్సిల్ కిందికి దిగి లోడు పంచుకునేలా కలపాలి, పైన ఉండిపోయేలా కాదు. లోడు బెలో ప్రెషర్ డ్రైవ్ యాక్సిల్ బెలోల ప్రెషర్‌ను అనుసరించాలి. డ్రైవరు చేత్తో తిప్పే రెగ్యులేటర్ పెడితే ఎక్కుడులో పట్టు కోసం తగ్గించి, తర్వాత మరిచిపోతారు. అప్పుడు డ్రైవ్ టైర్లు, బేరింగులు ముందు పోతాయి.

## 9. గాలి నింపి చూడడం

చదును నేల మీద నిలిపి చక్రాలకు దిమ్మెలు పెట్టి, పార్కింగ్ బ్రేకు వదలండి. ఎత్తు మారినప్పుడు చక్రం కొంచెం తిరుగుతుంది, బ్రేకు పట్టి ఉంటే కొలత తప్పు వస్తుంది. చాసీ కింద స్టీలు స్టాండ్లు లేకుండా ఎవరూ వెళ్లకూడదు.

1. 8 బార్ దాకా నింపి ఇంజిను ఆపండి.
2. ప్రతి జాయింటుకు సబ్బు నురుగు రాయండి. బెలో అడుగు పలక అంచును మరవకండి.
3. అరగంటలో 0.2 బార్ కంటే ఎక్కువ పడితే మళ్లీ వెతకండి.
4. ఇప్పుడు అసలు పరీక్ష. సస్పెన్షన్ ట్యాంకు డ్రెయిన్ పూర్తిగా తెరవండి. ప్రొటెక్షన్ వాల్వుకు ముందున్న గేజి 6 దగ్గరికి వచ్చి ఆగాలి, క్యాబిన్ గేజిలు అంతకంటే కిందికి రాకూడదు. ఆగకపోతే ఆ బండి షెడ్డు దాటకూడదు.
5. మళ్లీ నింపి రైడ్ హైట్ కొలవండి. తయారీదారు అంకెకు 3 మి.మీ. అటూ ఇటూ సరే. తేడా ఉంటే లింక్ రాడ్డు పొడవు మార్చి, కొంత గాలి వదిలి, కింది నుంచి తనంత తాను లేచి ఆగాక మళ్లీ కొలవండి.
6. బెలో చుట్టూ, పూర్తిగా ఉబ్బినప్పుడు, 25 మి.మీ. ఖాళీ ఉందో లేదో చూడండి. బ్రేక్ చాంబర్, టైరు లోపలి గోడ రెండూ చూడాలి.

బెలోకు కుదుపును అణిచే గుణం లేదు, కాబట్టి షాకబ్జార్బర్లు బాగుంటేనే ఈ కొలతలకు అర్థం. చాలా సెట్లలో యాక్సిల్ కిందికి జారిపోకుండా ఆపేది కూడా అవే. పాతవే బిగించేస్తే మొదటి పెద్ద గుంటలో బెలో పిస్టన్ నుంచి ఊడి వస్తుంది.

## 10. ఏది చెడితే ఎక్కడ వెతకాలి

రాత్రికి రాత్రి ఒక వైపు వంగడం. చెరో వాల్వు ఉన్న బండిలో ఆ వైపు కాక్ మూసి చూడండి. మూసినా వంగితే బెలో లేదా దాని ఫిట్టింగు, మూస్తే నిలిస్తే లెవలింగ్ వాల్వు.

లెవలింగ్ వాల్వు ఆగకుండా బుసకొట్టడం. లోడు దింపాక కాసేపు అయితే మామూలే. ఆగకపోతే లింక్ ఊడిందో, వంగిందో చూడండి. అది బాగుంటే లోపల చెత్త.

ముల్లు 6 దాటకపోవడం. మెయిన్ కాక్ మూయండి. 8కి ఎక్కితే కారుడు సస్పెన్షన్‌లో, ఎక్కకపోతే కాక్‌కు ముందున్న ట్యాంకులూ వాటి జాయింట్లూ ముందు చూసి, ఆ తర్వాత బ్రేకు లైన్లో లేదా కంప్రెసర్‌లో.

డ్రయర్ మాటిమాటికీ తుస్సుమనడం. ఎక్కడో చిన్న కారుడు ఉండి కంప్రెసర్ ఊరికే కట్-ఇన్ అవుతోంది. ఇలాగే నడిపితే డ్రయర్ క్యాట్రిడ్జి తడిసి ముద్దవుతుంది. బరంపురం, గోపాలపురం తీరం తేమలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. డ్రెయిన్‌లో నీళ్లు కనిపించిన రోజే క్యాట్రిడ్జి మార్చండి, గడువు కోసం చూడకండి. నీళ్లతో నూనె కూడా వస్తే కంప్రెసర్ రింగులు చూడాలి.

బండి మెత్తగా కాక గెంతుతూ నడవడం. రైడ్ హైట్ ఎక్కువ పెట్టారు, లేదా షాకబ్జార్బర్లు పోయాయి. గాలి పెంచితే ఇంకా గెంతుతుంది.

మొదటి 500 కిలోమీటర్ల తర్వాత పట్టీలు, బ్రాకెట్ బోల్టులు, లింక్ రాడ్డు నట్లు మళ్లీ బిగించి, సబ్బు నురుగు పరీక్ష ఇంకోసారి చేయండి. కాక్‌ల మీద పెయింటుతో ఎడమ, కుడి, మెయిన్ అని తెలుగులోనూ ఒడియాలోనూ రాయించండి. మొదట గీసిన కాగితాన్ని, పని చేస్తూ మార్చినవన్నీ దిద్ది, ప్లాస్టిక్ కవరులో క్యాబిన్‌లో ఉంచండి. పొట్టంగి దగ్గర అర్ధరాత్రి బండి ఆగితే చూసే మెకానిక్కు మీ పైపులు ఎటు పోయాయో తెలియదు.